ఉత్తరంలో పోయిన అమ్మమ్మ

పోయినవారం ప్రియను మనం రేపల్లె స్టేషన్‌లో వదిలేసి వచ్చాం. తెనాలి వెళ్లే రైలు కదలబోతోంది, ఆ పిల్ల చేతిలో రెండు పేజీల కాగితం ఉంది. మధ్యలో వచ్చి చేరినవారి కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. నీట్ పరీక్ష రెండుసార్లు రాసి, అర్హత మార్కులు తెచ్చుకుని, సీటు వచ్చే ర్యాంకు మాత్రం తెచ్చుకోలేకపోయిన ప్రియ, జార్జియా దేశంలో నల్ల సముద్రం ఒడ్డునున్న ఒక యూనివర్సిటీలో ఇంగ్లీషులో వైద్యం చదవడానికి దరఖాస్తు పెట్టుకుంది. కాగితాలన్నీ తెనాలిలో ‘రెక్కలు ఓవర్సీస్’ నడిపే గోపీకృష్ణ, తన పేరు ఎక్కడా రాకుండా, పిల్ల పేరు మీదే పంపించాడు. వాళ్లకు మార్కులు నచ్చాయి, ఇక్కడ పాస్‌పోర్టు వచ్చింది, ఇక మిగిలింది వీడియోలో ఇంటర్వ్యూ ఒక్కటే. అది పోతే మూడోసారి నీట్ మాట ఎత్తకుండా బీఎస్సీలో చేరిపోవాలని ఇంట్లో ఒప్పందం.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే గోపీకృష్ణ ఫోన్ చేసి, వైద్యం ఎందుకు చదవాలనుకుంటున్నావో చెబుతూ నీ పేరు మీద పంపిన ఉత్తరం ఒకసారి బట్టీ పట్టుకో తల్లీ అన్నాడు. ప్రియ స్టేషన్ బయట జిరాక్స్ షాపులో దాన్ని ప్రింటు తీయించి చదివింది. మూడో పేరాలో వాళ్ల అమ్మమ్మ చనిపోయింది.

సరిగ్గా అప్పుడే ఆ అమ్మమ్మ ఫోన్ చేసింది. బాపట్లలో రైలెక్కాననీ, మనవరాలి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యకుండా పరీక్షకు ఎలా పంపిస్తాననుకున్నారనీ, తెనాలి స్టేషన్‌లో కలుసుకోమనీ చెప్పి పెట్టేసింది.

రైలు కదిలాక ప్రియ ఆ కాగితాన్ని తండ్రి చేతిలో పెట్టింది. కరుణాకర్ రేపల్లె స్టేషన్‌లోనే టికెట్లిచ్చే గుమస్తా. ఆ రోజు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తను కొట్టాల్సిన టికెట్‌ను పక్క కౌంటర్లో కొనుక్కుని మరీ బయలుదేరాడు. ఆయన ఉత్తరం ఒకసారి చదివాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. ‘నా పదో ఏట, జోరుగా వాన కురుస్తున్న ఒక రాత్రి, ఆయాసంతో విలవిల్లాడుతున్న మా అమ్మమ్మను పడవలో ఏరు దాటిస్తుండగా, అవతలి ఒడ్డున ఆసుపత్రి దీపం కనిపిస్తూ ఉండగానే, ఆమె నా ఒడిలో తల పెట్టుకుని కన్ను మూసింది.’ బాపట్లలో అమ్మమ్మ ఇంటికి రెండు వీధుల అవతల ఆసుపత్రి ఉంది. మధ్యలో ఏరు కాదు కదా, వానాకాలం దాటితే మురుక్కాలవలో నీళ్లు కూడా ఉండవు.

“దీని మీద నేను కూడా సంతకం పెట్టానే,” అన్నాడు కరుణాకర్ నీరసంగా.

పెట్టాడు. ప్రియ కూడా పెట్టింది. మన ఇళ్లలో ఎవరైనా కాగితం చాపి సంతకం పెట్టమంటే ‘ఎక్కడ’ అని అడుగుతాం తప్ప ‘ఏంటి’ అని అడగం. రెండు నెలల కిందట గోపీకృష్ణ పద్దెనిమిది కాగితాలు వరసగా తిప్పుతూ వేలు పెట్టి చూపిస్తే, తండ్రీ కూతురూ వేలు చూశారు, కాగితం చూడలేదు. ఇప్పుడు కరుణాకర్ భయమంతా యూనివర్సిటీ గురించి కాదు, అత్తగారి గురించి. ఆమెకు తెలిస్తే ఉత్తరంలో జరిగింది తనకు నిజంగా జరుగుతుందని కూతురితో అన్నాడు. ప్రియకు నవ్వు రావాల్సింది, రాలేదు. అమ్మమ్మను చంపి తెచ్చుకున్న సీటుతో డాక్టరయితే ఆమె ఎదురుగా స్టెతస్కోపు ఎలా వేసుకుంటానన్నదే ఆ పిల్ల దిగులు. వేమూరు దాటింది, వరి చేలు వెనక్కి పోతున్నాయి, ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు.

దేవకుమారి తెనాలి ప్లాట్‌ఫారం మీద అప్పటికే నిలబడి ఉంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి, సన్నటి నీలం అంచున్న తెల్ల చీర, చేతిలో సంచీ. సంచీలో బైబిలు, పెరుగన్నం డబ్బా, సూర్యలంక నుంచి తెప్పించిన రొయ్యల వేపుడు ఉన్నాయి. బాపట్ల చుట్టుపక్కల పల్లెల్లో ముప్ఫై ఒక్క ఏళ్లు సర్కారు నర్సుగా పనిచేసి, ఎన్ని పురుళ్లు పోసిందో తనకే తెలియనంత పేరు తెచ్చుకున్న మనిషి ఆమె. రిటైరై పదహారేళ్లయినా వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు నర్సమ్మగారి గుమ్మం ఎక్కాల్సిందే. ప్రియ పరుగెత్తుకెళ్లి ఆమెను గట్టిగా పట్టుకుంది, పట్టుకుని వదల్లేదు.

“ఏంటే, చచ్చి బతికొచ్చినదాన్ని చూసినట్టు చూస్తున్నావు?” అంది దేవకుమారి.

కరుణాకర్‌కు పొలమారింది. అత్తగారు ఆయన వీపు మీద నాలుగు చరుపులు చరిచి, నీళ్ల సీసా ఇచ్చింది.

గోపీకృష్ణ ఆఫీసు బస్టాండుకు దగ్గర్లో, ఒక మందుల షాపు పై అంతస్తులో ఉంది. గోడ నిండా మంచులో తెల్లకోట్లు వేసుకుని వణుకుతూ నవ్వుతున్న పిల్లల ఫోటోలు. గోపీకృష్ణ చెడ్డవాడేం కాదు. ఒకప్పుడు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాడు, పిల్లలకు పాస్‌పోర్టు ఫోటోలో ఎలా కూర్చోవాలో దగ్గర్నుంచి అక్కడ చలికి కాళ్లకేం వేసుకోవాలో దాకా విసుక్కోకుండా చెబుతాడు. కాకపోతే ఏ పనైనా ఒకసారి కుదిరిందంటే జన్మలో దాన్ని మార్చడు. ప్రియ అతన్ని లోపలి గదిలోకి లాక్కెళ్లి గొంతు తగ్గించి నిలదీసింది. అతను తడబడలేదు. ఆమె పేరు రాయలేదు కదా అన్నాడు. వాళ్లేం మరణ ధ్రువపత్రం అడగరన్నాడు. తాతయ్యను పెడితే అంత జాలి పుట్టదనీ, తన అనుభవంలో అమ్మమ్మకు తిరుగులేదనీ అన్నాడు.

“వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారమ్మా పెద్దలు. ఇది ఒక్క అబద్ధం. ఒక సీటు.”

ఇప్పుడు ఉత్తరం మార్చడానికి వీల్లేదు, అది వాళ్ల దగ్గరుంది. గోపీకృష్ణ ఉపాయం చాలా సులువైనది. పెద్దావిడను బయట కూర్చోబెట్టి చల్లగా ఏదైనా తాగించాలి, ప్రియ లోపల పావుగంట మాట్లాడి రావాలి, అంతే. గదిలో అభ్యర్థి తప్ప ఇంకెవరూ ఉండకూడదని యూనివర్సిటీ నిబంధన. అందుకే గోపీకృష్ణ ప్రతిసారీ లాప్‌టాప్‌కు వెనకవైపు, కెమెరాకు కనిపించకుండా, పొట్టి స్టూలు మీద కూర్చుంటాడు. చేతిలో తెల్ల అట్టలు, లావు స్కెచ్ పెన్ను. పిల్లలు తడబడితే మాట అందిస్తాడు.

రెండుంపావుకల్లా గోపీకృష్ణ లాప్‌టాప్ తెరిచి, యూనివర్సిటీ వాళ్లు పంపిన లింకు నొక్కి, వాళ్లు పిలిచేదాకా ఆగాలన్నాడు. ఇంటర్వ్యూకు ఇంకా పావుగంట ఉంది. అప్పుడు తలుపు తోసుకుని దేవకుమారి లోపలికొచ్చింది. కరుణాకర్ వెనకాలే వచ్చి, ఆపాను, ఆగలేదని గోపీకృష్ణకు సైగ చేసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

రెండు నిమిషాల ప్రార్థన అంది ఆమె. దేవకుమారి ప్రార్థన సంగతి బాపట్ల లూథరన్ చర్చిలో అందరికీ తెలుసు. ఆమె చేత ముగింపు ప్రార్థన చేయించే ఆదివారాలు ఇళ్లలో కూర మాడిపోతుంది. కళ్లు మూసుకుని ప్రియ తల మీద కుడిచెయ్యి పెట్టి మొదలుపెట్టింది. రైలు వేళకు నడిపించినందుకు స్తోత్రం చెప్పింది. అల్లుడి బీపీ గురించి చెప్పుకుంది. ఇవాళ బళ్లో పిల్లలకు పరీక్షలుండి రాలేకపోయిన కూతురు, ప్రియ తల్లి శోభారాణిని జ్ఞాపకం చేసుకుంది. ఈ ఆఫీసు మెట్లు ఇంత నిటారుగా కట్టినవాడిని క్షమించమంది. తర్వాత గొంతు పెంచి, ఆ దూరదేశంలో పెద్ద డాక్టరమ్మలకు మంచి మనసివ్వమనీ, వాళ్లకు మోకాళ్ల నొప్పులుంటే తగ్గించమనీ వేడుకుంది. చదివి చదివి ఆ వయసుకొచ్చినవాళ్లకు మోకాళ్ల నొప్పులు ఉండకుండా ఎలా ఉంటాయని ఆమె లెక్క. ప్రియ కూడా కళ్లు గట్టిగా మూసుకుంది. తనకు సీటు కావాలో, ఈ ఉత్తరం గొడవ లేకుండా భూమి చీలి లోపలికి పోవడం కావాలో తెలియక, రెండూ అడగలేక ఊరుకుంది.

“ఆమేన్,” అంది దేవకుమారి.

“ఆమేన్,” అంది లాప్‌టాప్.

ప్రియ కళ్లు తెరిచింది. తెర మీద ఇద్దరు ఆడవాళ్లున్నారు. ఒకావిడ అరవై దాటిన మనిషి, మెడలో గొలుసుకు వేలాడుతున్న కళ్లజోడు. రెండో ఆమె పొట్టి జుట్టు చిన్నావిడ. ఎంతసేపటి నుంచి చూస్తున్నారో ఏమో, ఇద్దరూ గుళ్లో నిలబడ్డవాళ్లలాగా చేతులు కట్టుకుని ఉన్నారు. గోపీకృష్ణ స్టూలు మీద ఉన్నవాడు ఉన్నట్టే బిగుసుకుపోయాడు.

పెద్దావిడ నింపాదిగా నమస్కారం చెప్పి, తొందరపడి ముందే పిలిచినందుకు క్షమించమంది. తర్వాత, మీ తల మీద చెయ్యి పెట్టిన ఈ పెద్దమ్మ ఎవరు అని ఇంగ్లీషులో అడిగింది.

గోపీకృష్ణ ఒక్క ఉదుటున అట్ట తీసి, ‘నాన్నమ్మ అని చెప్పు’ అని రాసి పైకెత్తాడు. ప్రియకు అది కనిపించింది. మనసు కూడా అటే లాగింది. ఎంత చక్కటి అబద్ధం. ఎవరికైనా ఇద్దరుంటారు, ఒకరు పోతే ఇంకొకరు మిగులుతారు, ఎవరూ వేలెత్తి చూపలేరు. ఒక్క మాటతో సీటు చేతికొస్తుంది, అమ్మమ్మకు కూడా ఎప్పటికీ తెలియదు. ప్రియ పక్కకు చూసింది. దేవకుమారి తెరకేసి చేతులు జోడించి, మొహమాటంగా నవ్వుతూ, పమిట సర్దుకుంటోంది. ఇంటర్వ్యూలో తానూ కనిపిస్తున్నానని తెలిసి మంచి చీర కట్టుకొచ్చినందుకు లోపల్లోపల సంతోషపడుతున్నట్టుంది. ఆ సంతోషం చూశాక ప్రియ నోటికి నాన్నమ్మ అన్న మాట రాలేదు.

“ఈమె మా అమ్మ వాళ్ల అమ్మ,” అంది ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా కూడదీసుకుని. “నా ఉత్తరంలో ఉన్నది ఈమే.”

చిన్నావిడ కాగితాలు తిరగేసింది. ఉత్తరంలో ఆమె చనిపోయారే అంది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆసుపత్రి రిజిస్టర్లు రాసిన దేవకుమారికి ఇంగ్లీషులో మరేం తెలిసినా తెలియకపోయినా ఆ మాట తెలుసు.

“ఎవరే పోయింది?” అని అడిగింది.

“నువ్వే అమ్మమ్మా,” అంది ప్రియ. ఆ పిల్లకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గుమ్మంలో కరుణాకర్ తలుపు చాటుకు జరిగాడు.

దేవకుమారి బాధపడుతుందేమో, కోప్పడుతుందేమో అనుకున్నారు ముగ్గురూ. ఆమె అడిగింది మాత్రం నర్సు అడిగే ప్రశ్న.

“ఏం వచ్చి పోయాను?”

ఆయాసం వచ్చి అని చెప్పింది ప్రియ. ఎక్కడ అని అడిగింది. పడవలో. ఎలా తీసుకెళ్లారు అని అడిగింది. నా ఒళ్లో పడుకోబెట్టుకుని అని చెప్పింది ప్రియ, ఏడుస్తూనే.

“ఆయాసంతో ఉన్న మనిషిని వెల్లకిలా పడుకోబెడితే పోక ఏం చేస్తుందే? కూర్చోబెట్టాలి. వెనకాల దిండ్లు పెట్టి ఆనించాలి. ఇది రాసినవాడెవడోగానీ నన్ను చేజేతులా చంపాడు.”

తెర మీద పెద్దావిడ ఆమె ఏమంటోందని అడిగింది. ప్రియ ముక్కు తుడుచుకుని, ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పింది. పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని ఉత్తరంలో మూడో పేరా ఇంకోసారి చదివింది. చదివి, పడీ పడీ నవ్వింది. ఆమె చెప్పింది అక్షరాలా నిజమనీ, ఇన్నేళ్లుగా ఈ ఉత్తరం చదువుతున్నా ఆ సంగతి తనకు తట్టలేదనీ అంది.

‘ఇన్నేళ్లుగా’ అన్న మాట ప్రియకు ఆలస్యంగా తగిలింది. పెద్దావిడ నవ్వు ఆపి, పక్కనున్న ఫైళ్లు ఒక్కొక్కటే ఎత్తి కెమెరాకు చూపించింది. ఈ ఏడాది మీ ప్రాంతం నుంచి ఏడుగురు అమ్మమ్మలు చనిపోయారని చెప్పింది. అందరూ వాన రాత్రే పోయారు, అందరూ పడవలోనే పోయారు, ఏడుగురికీ అవతలి ఒడ్డున దీపం కనిపించింది. మిగతా ఆరుగురినీ అడిగితే ఆ రాత్రి గురించి కళ్లకు కట్టినట్టు చెప్పారు. అమ్మమ్మను బతికుండగా తెచ్చి చూపించినది నువ్వొక్కదానివే అంది. ఆ మాట మెచ్చుకోలో కాదో ప్రియకు అర్థం కాలేదు.

“ఈ కాగితం పక్కన పెడదాం. నువ్వెందుకు డాక్టర్ కావాలనుకుంటున్నావు?” అంది పెద్దావిడ.

గోపీకృష్ణ అట్టలు ఒళ్లో పెట్టుకుని తల వంచుకున్నాడు. ఈసారి రాసివ్వడానికి అతని దగ్గర ఏమీ లేదు. తన దగ్గరా ఏమీ లేదనే అనుకుంది ప్రియ. సేవ చెయ్యాలని ఉందని చెబుదామనుకుంది. అది కూడా ఎవరో రాసిచ్చినట్టే వినిపించింది. చివరికి చిన్నప్పటి నుంచి చూసిన సంగతి ఒకటి చెప్పింది. బాపట్లలో సెలవులకు వెళ్లినప్పుడల్లా అమ్మమ్మ గుమ్మంలో ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. అమ్మమ్మ నాడి చూస్తుంది, బీపీ చూస్తుంది, ఉప్పు మానెయ్యమంటుంది, తిడుతుంది. కొందరి విషయంలో మాత్రం అన్నీ చూశాక, ‘ఇక్కణ్నుంచి నాకు తెలీదు, పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి’ అంటుంది. వాళ్లు వెళ్లిపోతారు. ఆ తర్వాత ఏమయిందో ప్రియకు ఎప్పుడూ తెలియలేదు.

“మా అమ్మమ్మ నాకు తెలీదు అని ఆగిపోతుందే, నాకు అక్కణ్నుంచి తెలియాలి మేడమ్,” అంది. “అంతకంటే పెద్ద కారణం నా దగ్గర లేదు.”

చిన్నావిడ ఏదో రాసుకుంది. పెద్దావిడ రాసుకోలేదు, ప్రియను చూస్తూ ఉండిపోయింది. కరుణాకర్ తలుపు చాటు నుంచి ముందుకొచ్చాడు, తాను కెమెరాలో పడుతున్న సంగతి మరిచిపోయి. పర్వాలేదు, గట్టెక్కాం అన్న ఆశ గదిలో అందరికీ ఒకేసారి కలిగింది.

అది ఎక్కువసేపు నిలవలేదు. ఇంకొక్క ప్రశ్న ఉందంది పెద్దావిడ. ఈ ఉత్తరం రాసింది ఎవరు?

ప్రియ కళ్లు తెరకు వెనకనున్న స్టూలు మీదికి పోబోయాయి. వాటిని బలవంతంగా ఆపుకుంది. సంతకం నాది, చదవకుండా పెట్టాను, తప్పు నాదే అని చెప్పింది. నేనడిగింది అది కాదంది పెద్దావిడ. ఏడు ఫైళ్లూ ఆపేశామనీ, ఎవరి మాటలు ఎవరు రాశారో తేలకుండా ఒక్క ఫైలు కూడా ముందుకు కదలదనీ, అందులో ఈ ఫైలు కూడా ఉందనీ మెత్తగానే చెప్పింది. పేరు చెబితే సరిపోతుందంది.

ఒక్క పేరు. ప్రియ పెదవి కొరుక్కుంది. ఎదురుగా కూర్చున్న మనిషి అబద్ధం రాశాడు, నిజమే. పాస్‌పోర్టు ఆఫీసులో రెండుసార్లు వెనక్కి పంపిస్తే మూడోసారి తానే వెంట వచ్చి పొద్దంతా వరసలో నిలబడిందీ అతనే. చెబితే అతని ఆఫీసుకు తాళం పడుతుంది, చెప్పకపోతే తన చదువుకు పడుతుంది. తండ్రివైపు చూసింది. కరుణాకర్ చూపు తిప్పుకున్నాడు. దేవకుమారి మాత్రం గోపీకృష్ణనే చూస్తోంది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆ అట్టలు, ఆ స్కెచ్ పెన్ను చూసే గ్రహించింది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఉన్నాడతను.

“మేడమ్,” అంది ప్రియ, ఏం చెప్పబోతోందో తనకే తెలియకుండా.

స్టూలు చప్పుడయింది. గోపీకృష్ణ లేచాడు. బల్ల చుట్టూ తిరిగొచ్చి, ఆరేళ్లుగా ఒక్కసారి కూడా కనిపించని ఆ కెమెరా ఎదురుగా, ప్రియ పక్కన నిలబడ్డాడు. నమస్కారం పెట్టాలనుకుని, చేతిలో అట్టలు అడ్డమొచ్చి, పెట్టలేకపోయాడు.

“రాసింది నేను,” అన్నాడు. “ఏడుగురివీ నేనే రాశాను. అన్నీ అబద్ధాలే మేడమ్, ఆ మూడో పేరా తప్ప. ఆ పడవలో ఉన్నది నేను. నా ఒళ్లో పోయింది మా అమ్మమ్మ.”

పెద్దావిడ చేతిలోని ఫైళ్లు కింద పెట్టింది. దేవకుమారి రెండడుగులు ముందుకేసి, ఆయాసపడుతున్న మనిషిని పట్టుకున్నట్టు అతని భుజం పట్టుకుని, ప్రియను లేవమని, ఆ కుర్చీలో అతన్ని నిటారుగా కూర్చోబెట్టింది.